ఎత్తెక్కేటప్పుడు చెప్పిన మాటలు

నేను ఒక రిక్షాను. మూడు చక్రాలు, మడిచే టాపు, ఇద్దరు కూర్చునే మెత్తని సీటు, ఒక్కడు కూర్చునే గట్టి సీటు: ఇంతే నా దేహం. మెత్తని సీటు మీద ఎందరో కూర్చున్నారు, దిగి వెళ్ళిపోయారు. వాళ్ళ ముఖాలు నాకు గుర్తు లేవు. గట్టి సీటు మీద కూర్చున్నవాడి వీపు మాత్రం, చెమటకు చొక్కా అంటుకున్న ఆ వీపు మాత్రం, కంఠస్థం చేసిన పద్యంలా గుర్తుంది.

ఇప్పుడు నేను విజయనగరం దాటాక పెద్దరోడ్డు పక్కన ఒక హోటలు ముంగిట్లో ఉన్నాను. నాకు ఎన్నడూ లేని పసుపు రంగు పూశారు. టాపు అంచుకు కాగితప్పూలు కుట్టారు. కదలకుండా చక్రాలను సిమెంటులో పాతారు. పులిహోర తిని చేతులు కడుక్కున్న కుటుంబాలు నా మీద కూర్చుని, నవ్వుతూ ఫోటోలు తీయించుకుంటాయి. "ఎంత ముద్దుగా ఉందో!" అంటాయి. నేను వీధుల్లో తిరిగిన కాలంలో దారికి అడ్డమని విసుక్కున్నవాళ్ళే వీళ్ళు, లేదా వాళ్ళ పిల్లలు. కదలడం మానేస్తే గాని మనుషులు ఒక బండిని ప్రేమించరని ఇక్కడికి వచ్చాకే తెలిసింది. వాళ్ళ మీద నాకు కోపం లేదు. కానీ సాయంత్రం దీపాలు వెలిగే వేళ, రోడ్డు మీద ఏ బండి ఎత్తు ఎక్కుతున్న చప్పుడు వినిపించినా, సిమెంటులో పాతిన నా చక్రాలు లోలోపల ఒకసారి తిరగబోతాయి.

స్టేషను రోడ్డులో నూకరాజు మేస్త్రీ కొట్లో నేను పుట్టాను. నా చక్రాల చట్రాలు పంజాబు నుంచి వచ్చాయి. టాపు గుడ్డ మద్రాసుది. సీటు కింది చెక్క సాలూరు వైపు అడవులది. ఏ ఊరివో తెలియని మరలూ మేకులూ ఒక డబ్బాలో ఉండేవి. వాటన్నిటినీ కలిపి బిగించి, మేస్త్రీ నన్ను ఈ ఊరిదాన్ని చేశాడు. వెనక రేకు మీద నెమలిని వేయించాడు. వేసే ఆయన దగ్గర రంగు చాలక నెమలి మెడ సగం నీలం, సగం ఆకుపచ్చ అయింది. అదే అందమన్నారు చూసినవాళ్ళు. నేను పుట్టుకతోనే వలసల మూటను. ఆ సంగతి నాకు చాలాకాలం తెలియదు. తెలిపిన మనిషి తరువాత వచ్చింది.

కొన్నాళ్ళు అద్దె రిక్షాగా చేతులు మారాను. పొద్దున ఒకడు, సాయంత్రం ఇంకొకడు. నన్ను తమదనుకున్నవాడు లేడు గనుక గంట మోగకపోయినా, బ్రేకు పట్టకపోయినా ఎవరూ బాధపడలేదు. అలాంటి రోజుల్లో అసిరయ్య నన్ను కొనుక్కున్నాడు. గజపతినగరం వైపు నుంచి, వానలు ఎగ్గొట్టిన ఏడు, భార్య తవిటమ్మతో పట్నానికి వచ్చినవాడు. పొడుగు మనిషి, తక్కువ మాట. నన్ను కొన్న రోజు తన తువ్వాలుతో నెమలిని తుడిచి, "ఓలే తవిటీ, దీని మెడ సూడే, రెండు ఊళ్ళ నెమలి" అని నవ్వాడు. నాకు మొదటిసారి ఒక యజమాని దొరికాడని అనిపించింది. యజమాని అనే మాటకు ఆకలి కూడా అర్థమేనని అతని డొక్క చూస్తే తెలిసేది.

మా స్టాండు మూడు లాంతర్ల దగ్గర. పట్నాన్ని రైలుపట్టాలు రెండుగా చీల్చేవి. ఇటు ఇళ్ళు, అటు బడి, మధ్యలో వంతెన. ఆ వంతెన ఎత్తు దగ్గర ఒక మర్యాద నడిచేది. ఎత్తు మొదట్లో ఎవరూ చెప్పకుండానే కూర్చున్నవాళ్ళు దిగిపోయేవారు. రిక్షావాడు ఖాళీ బండి నెట్టుకుంటూ, వాళ్ళు పక్కన నడుస్తూ పైకి చేరేవారు. పైన మళ్ళీ ఎక్కేవారు. ముసలివాళ్ళూ జబ్బుమనుషులూ దిగలేకపోతే, నడుమ వెనక చక్రం కింద రాయి అడ్డం పెట్టి, ఊపిరి తీసుకుని, మళ్ళీ నెట్టేవాళ్ళు. అందుకోసం ఆ గోడ వారగా రాళ్ళు ఎప్పుడూ పడి ఉండేవి. ఎవరూ వాటిని తీసేవారు కాదు.

ఒక ఉదయం స్టాండుకు ఒకామె వచ్చింది. ఒక కాలికి ఇనుప బద్దీల బూటు, చంక కింద కర్ర, భుజానికి పుస్తకాల సంచి. పేరు హైమవతి. అవతలి ఆడపిల్లల బడిలో తెలుగు చెప్పడానికి కొత్తగా చేరింది. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. గంట కొట్టాక వస్తే వద్దనేస్తామని బడివాళ్ళు ముందే చెప్పారట.

స్టాండులో నోరున్నవాడు పోలయ్య. "ఒంతెన అవతలికేటమ్మా? ఎత్తు కాడ దిగి నడిస్తే తీసుకెల్తాను" అన్నాడు.

"నడవలేను."

"అయితే నాను లాగలేనమ్మా."

తక్కినవాళ్ళు బీడీల వైపు, ఆకాశం వైపు చూశారు. ఆమె కర్ర మీద బరువు మార్చుకుని, వెనక్కి తిరగబోయింది.

"ఎక్కండి తల్లీ" అన్నాడు అసిరయ్య.

"ఒరే అసిరిగా, ఎద్దువేట్రా నువ్వు?" అని పోలయ్య నవ్వాడు.

"అవును. నీకంటే ఓ పూట గడ్డి ఎక్కువ తిన్నాన్లే."

ఎత్తు వచ్చింది. అసిరయ్య దిగి, కుడిచేత్తో హ్యాండిలు, ఎడమచేత్తో సీటు పక్క కడ్డీ పట్టుకుని నెట్టసాగాడు. పక్కన దిగి నడుస్తున్నవాళ్ళందరూ ఆమెను చూస్తున్నారు. దిగకుండా కూర్చున్న ఆమె ఒళ్ళు సిగ్గుతో ఎంత బరువెక్కిందో నా కమ్మీలకు తెలుసు. ఆ మౌనాన్ని భరించలేక, వంతెన మీద బుట్ట పెట్టుకున్న పళ్ళమ్మిని చూసి, ఆమె ఉన్నట్టుండి అంది:

"బొప్పాయి మన మాట కాదు, తెలుసా?"

"మనది కాదేటండి? మా పెరట్లో ఉండీది గదా!"

"చెట్టూ మనది కాదు, మాటా కాదు. సముద్రాల అవతల, మనం వినని దీవుల్లో పుట్టింది. పోర్చుగీసువాళ్ళ ఓడల్లో వచ్చింది. ఆ దీవులవాళ్ళు పెట్టుకున్న పేరునే మనం నోరు తిప్పుకుని పిలుస్తున్నాం."

"ఓర్నాయనో! ఏ ఊరి పిల్లో తెలీకుండానే పెంచీసినాం!" అన్నాడతను. ఇద్దరూ నవ్వారు. నవ్వు ఆగేసరికి ఎత్తు అయిపోయింది.

ఆ రోజు గంట కొట్టకముందే ఆమె బడి గుమ్మంలో ఉంది. దిగుతూ, "రేపు కూడా వస్తావా?" అని అడిగింది. "మాట సెప్తే ఒస్తాను" అన్నాడు. సరదాకే అన్నాడు. కానీ అది మా ఆచారమైపోయింది. చదును దారిలో ఎవరి లోకం వాళ్ళది. అతను తొక్కుతాడు, ఆమె పాఠం తిరగేసుకుంటుంది. ఎత్తు మొదలైతే అతను దిగుతాడు, ఆమె మొదలుపెడుతుంది. ఎత్తుకు ఒక మాట.

అలా నా మీదుగా ఎన్ని మాటలు ప్రయాణం చేశాయో! కుర్చీ అరబ్బు దేశం నుంచి వచ్చి మన వసారాలో కాళ్ళు చాపుకున్నదట. బీరువా ఫ్రెంచివాళ్ళ రాతబల్ల అట. అంతకు ముందు ఆ బల్ల మీద పరిచే ముతక ఉన్నిగుడ్డ పేరట. గుడ్డ బల్లయింది, బల్ల గుడ్డలు దాచుకునే బీరువా అయింది. ఇస్త్రీ అంటే పోర్చుగీసులో సాగదీయడమట. పెన్సిలు అంటే లాటినులో చిన్న తోకట. "అయితే మీ బడి పిల్లలంతా తోకల్తో రాస్తన్నారన్నమాట" అని అసిరయ్య నవ్వితే, నవ్వుకు నేను ఊగిపోయాను. ఒకే ఆకు చైనా నుంచి ఓడెక్కి టీ అయిందనీ, ఒంటెనెక్కి చాయ్ అయిందనీ చెప్పిన రోజు, అతను స్టాండులో పోలయ్యతో, "ఒరే, నువ్వు తాగీది ఒంటెదా, ఓడదా?" అని అడిగి, మధ్యాహ్నం దాకా జవాబు చెప్పకుండా ఏడిపించాడు.

"ఆ పంతులమ్మ నీకు కిరాయి ఇస్తందా, కబుర్లిస్తందా?" అని పోలయ్య ఎత్తిపొడిచేవాడు. ఇంటి దగ్గర తవిటమ్మ వేరే దారి. సబ్బు లాటినువాళ్ళదని మొగుడు చెప్తే, "సబ్బు ఏ దేసందైతే నాకేటి? ఉతకడం మట్టుకు నాదే గదా" అంది.

హైమవతికి ఈ మాటల మీద ఇంత మోహం ఎందుకో ఒకసారి తనే చెప్పింది. చిన్నప్పుడు పిల్లలంతా వీధిలో పరుగెత్తుతుంటే, ఆమెను కిటికీ దగ్గర కూర్చోబెట్టి చేతికి నిఘంటువు ఇచ్చేవారట. పిల్ల అందులోనే పరుగెత్తింది. కదలలేని ఆమె, ఎడారులు దాటి, సముద్రాలు దాటి, పేరు మార్చుకుని, ఎవరి గుమ్మమో ఎక్కి అక్కడే ఉండిపోయిన మాటలను ప్రేమించింది. వాటి గురించి చెప్పేటప్పుడు ఆమె గొంతులో కాళ్ళు మొలిచేవి.

ఒకనాడు అసిరయ్యే అడిగాడు. "అన్నిట్నీ సెప్తన్నారు. మన బండి మాటేటి తల్లీ? రిక్షా మనదేనా?"

"కాదు. జపానుది. అక్కడ దాని పేరు మూడు ముక్కలు. జిన్ అంటే మనిషి, రికి అంటే బలం, షా అంటే బండి. మనిషి బలంతో నడిచే బండి, జిన్‌రికిషా. దేశాలు తిరిగి మన దగ్గరికి వచ్చేసరికి మొదటి ముక్క అరిగిపోయి, రిక్షా మిగిలింది."

అతను రెండడుగులు నెట్టి ఆగాడు. "మొదటి ముక్కంటే మనిసే గదా?"

"మనిషే."

"అయితే మనిసిని సముద్రంలో దించీసి, బలవూ బండీ మట్టుకు ఒడ్డుకొచ్చీసినాయన్నమాట! పోన్లెండి. పేర్లో నేపోతే నేపోనాడు. పెడలు మీదున్నాడు గదా."

ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నా పేరుకు ముందు ఒక ఖాళీ ఉందని ఆ రోజే తెలిసింది. ఈనాటికీ ఫోటోలకు వచ్చేవాళ్ళు వెనక సీటులోనే కూర్చుంటారు. ముందు సీటు మీద దుమ్ము కూర్చుంటుంది.

ఏళ్ళు గడిచాయి. హైమవతి ఉద్యోగం ఖాయమైంది. అసిరయ్య జుట్టు నెరిసింది. ఒక చలికాలం అతని రొమ్ములో పిల్లికూతలు మొదలయ్యాయి. తవిటమ్మ పట్టుబట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. బయటికి వచ్చాక ఇద్దరూ నా సీటు మీదే కూర్చున్నారు. అతను ఏనాడూ ఆ మెత్తని సీటు మీద కూర్చోలేదు. ఆ రోజు కూర్చున్నాడంటేనే నాకు భయం వేసింది.

"సదునులో తొక్కుకో, ఎత్తు మీద బరువు లాగితే ఊపిరి దక్కదు అన్నాడు గదా డాకటేరు. ఆ పంతులమ్మని మానీ" అంది తవిటమ్మ.

"నాను మానీస్తే ఆవిణ్ణి ఒంతెన దాటించీదెవులే? పోలిగాడా?"

"ఆవిడ ఉజ్జోగం కోసం నీ పానం ఇచ్చీస్తావేటి?"

"ఊపిరాడనప్పుడు ఆగుతాన్లే. ఆవిడ మాట సెప్తంటాది, నాను ఇంటన్నట్టు నిలబడతాను. ఆవిడికేటి తెలుస్తాది?"

అలాగే చేశాడు. అందరిలా వెనక చక్రం కింద రాయి పెట్టి ఉంటే కొంత సుఖంగా ఉండేది. కానీ ఆమెను ఎక్కించుకుని అతను ఎన్నడూ రాయి పెట్టలేదు. ఇప్పుడు పెడితే ఎందుకని అడుగుతుంది. అందుకని ఎత్తు నడుమ ఆగి, నా కడ్డీకి రొమ్ము ఆనించి, నన్నూ ఆమెనూ ఆ రొమ్ముతోనే ఆపుకుంటూ, ముఖం ఆమె వైపు తిప్పి, "ఊఁ, తరవాత?" అనేవాడు. ఆ "ఊఁ" వెనక ఎంత గాలి వెతుకులాడేదో నాకు తెలుసు. ఇనుముకు నోరుండి ఉంటే అప్పుడే అరిచి ఉండేదాన్ని.

హైమవతి మురిసిపోయింది. ఇదివరకు నడుస్తూ వినేవాడు, ఇప్పుడు నిలబడి వింటున్నాడు! తన కాలిని చూసి ఆగినవాళ్ళు ఆమెకు జీవితమంతా ఉన్నారు. ఆ ఆగడంలో జాలి ఉంటుంది, తొందర కూడా ఉంటుంది. తన మాట కోసం ఆగినవాడు ఇతనొక్కడే అనుకుంది. సెలవు రోజుల్లో నిఘంటువులు తిరగేసి, పెద్ద మాటలు, దూరపు మాటలు ఏరి తెచ్చింది. మన గిడ్డంగి ఓడెక్కి మలయా దేశం వెళ్ళిందని కొందరు పండితులు అంటారనీ, అక్కడ వేషం మార్చుకుని, ఇంగ్లీషువాళ్ళ నోట పడి, గోడౌను అయి మన ఊరికే తిరిగివచ్చిందనీ, దాని పక్కింట్లోనే గిడ్డంగి ఉన్నా ఒకదాన్నొకటి ఆనవాలు పట్టలేదనీ ఆమె చెప్పిన రోజు, అసిరయ్య నన్ను రొమ్ముతో ఆపుకుని కథంతా విన్నాడు. "పాపం, ఇంటికొచ్చీసి కూడా సుట్టమైపోనాది" అన్నాడు. ఆ మాట అనడానికి మూడుసార్లు గాలి పీల్చాడు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె మాటకు అతను కరిగాడనుకుంది. మర్నాడు ఇంకా పెద్ద మాట తెచ్చింది.

మనుషుల సంగతి ఇంతే. ఒకరికొకరు దయ చూపించుకోవాలని మొదలుపెట్టి, ఆ దయతోనే ఒకరినొకరు అలసటకు గురిచేస్తారు. నేను మధ్యలో ఉన్నాను గనుక ఇద్దరి బరువూ నాకే తెలుసు.

వానలు వెనకబట్టిన ఒక ఉదయం, పరీక్షల కాగితాలు దిద్దీ దిద్దీ తల పనిచేయని హైమవతి, ఎత్తు మొదలవగానే, "ఇవాళ నా దగ్గర మాట లేదు, అసిరయ్యా" అంది.

"పర్నేదు తల్లీ."

అన్నేళ్ళలో మొదటిసారి ఆ ఎత్తు మీద నిశ్శబ్దం నడిచింది. నిశ్శబ్దంలో ఆమెకు వినిపించింది. మొదట సన్నని ఈల. తరువాత దానికింద బరువైన గురక. అతను ఆగాడు. ఆమె ఏమీ చెప్పడం లేదు. అయినా ఆగాడు.

"ఏమిటా చప్పుడు?"

"సైనండి. నూనె అయిపోనాది, కీసుమంతంది."

అంతకు ముందురోజే నా చైనుకు అతనే నూనె పోశాడు. నా మీద పడిన ఆ నిందను నేను సంతోషంగా మోశాను. కానీ బండి ఆగి ఉంది, చైను తిరగడం లేదు, చప్పుడు మాత్రం ఆగలేదు.

"రాయి పెట్టు" అంది ఆమె.

"అక్కర్నేదు తల్లీ."

"రాయి పెట్టమంటున్నాను."

అతను వంగి, గోడ వార నుంచి రాయి తీసి నా చక్రం కింద పెట్టాడు. వంగి లేచిన ఆ పనికే గోడ పట్టుకుని నిలబడిపోయాడు. పక్కనుంచి ఎద్దులబండి ఒకటి, పాలవాడి సైకిలు ఒకటి వెళ్ళిపోయాయి.

"ఎప్పటి నుంచి?"

అతను తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

"అయితే ఇన్నాళ్ళూ నువ్వు ఆగింది..." ఆమె ఆ వాక్యాన్ని పూర్తి చేయలేకపోయింది. తెలుగు పాఠం చెప్పే మనిషికి క్రియ దొరకలేదు. చాలా మెల్లగా అంది: "నేను చెప్పుకుంటూ పోయాను. నువ్వు నన్ను మోస్తూ నిలబడ్డావు."

"మాట కోసమే ఆగేను తల్లీ. ఒట్టు."

"ఒట్లు వద్దు."

కర్ర అందుకుని దిగబోయింది. అతను కడ్డీకి అడ్డం నిలబడ్డాడు. "దిగితే పడిపోతారు. గంట కొట్టీస్తారు. ఈ పూటకి కూకోండి" అన్నాడు. ఆ పూట ఆమె కూర్చుంది. బడి దగ్గర దిగేటప్పుడు అతని ముఖం వైపు చూడలేదు. ఆమె ఏడవలేదు. ఒకే ఒక శ్రోత ఉన్నాడనుకున్న మనిషికి, ఆ ఒక్కడూ ఊపిరి కోసం ఆగాడని తెలిస్తే ముఖం ఎలా ఉంటుందో ఆ రోజు చూశాను. దీపం తీసేసిన లాంతరులా ఉంది.

ఆమె బడికి వారం సెలవు పెట్టింది. వారం తిరిగిన సోమవారం అసిరయ్య ఎప్పటిలా నన్ను తీసుకుని ఆమె ఇంటికి వెళ్ళాడు. ఆమె ఉండేది అన్నగారింట్లో. వదినగారు గుమ్మంలోంచే, "ఇంకా వస్తున్నావేమయ్యా? నిన్ననే లారీలో సామాను ఎక్కించుకుని వంతెన అవతల, బడి వెనక వీధికి మారిపోయింది. ఒంటరిగా ఉంటుందట. పుట్టినింట్లో లేనిది అక్కడేం ఉందో మాకైతే తెలీదు. నీకు చెప్పలేదా?" అంది.

అతను ఖాళీగా ఉన్న నన్ను వంతెన మీదికి నెట్టాడు. ఖాళీ రిక్షా తేలిక అంటారు. ఆ పొద్దు నేను తేలికగా లేను. తనను వద్దనుకున్నారని అతను అనుకున్నాడు. నడక అలాగే ఉంది.

బడి వెనక వీధి చివర, పొడుగాటి చదును దారి మొదట్లో, కొత్త ఇంటి గేటు దగ్గర హైమవతి కర్రకు ఆని నిలబడి ఉంది. సంచి భుజానే ఉంది.

"ఆలస్యమైంది, అసిరయ్యా. తొందరగా పద" అంది.

అతను ఇంటినీ ఆమెనూ మార్చి మార్చి చూశాడు. "నాకు సెప్పనేదేటి?"

"చెప్తే సామాను నువ్వే మోస్తానంటావు."

"ఇక్కణ్ణించి ఎత్తు నేదు" అన్నాడు. ఆ మాటకు అర్థం అంటూనే తెలుసుకున్నాడు.

"లేదు. ఖాళీ బండితో వంతెన దాటి రాగలవుగా? ఆ తరువాత అంతా చదునే."

అతని ఊపిరి మిగిలింది. ఆమె బడి మిగిలింది. వాళ్ళిద్దరూ గెలిచారనే చెప్పాలి. కానీ మాటలు పోయాయి. ఎత్తు మీద అతను పక్కన నడిచేవాడు. ముఖం ఆమె భుజం ఎత్తులో, చెవి ఆమె గొంతుకు దగ్గరలో ఉండేది. చదునులో అతను ముందు, ఆమె వెనక. ఆమెకు కనిపించేది వీపు. మధ్య గాలి. ఆమె చెప్పలేదు, ఎందుకంటే అతను ఎన్నడూ విననేలేదని నమ్మింది. అతను అడగలేదు, ఎందుకంటే అడిగితే ఆ అబద్ధాన్ని మళ్ళీ ఆడుతున్నాడనుకుంటుంది. పోలయ్య స్టాండులో, "ఏట్రా, ఇప్పుడు కబుర్లు కూడా నేవేటి?" అంటే, అసిరయ్య నెమలి మీద దుమ్ము తుడుస్తూ ఉండిపోయాడు. తవిటమ్మ కూడా ఒక సాయంత్రం, "ఈమద్దిన ఏ దేసం కబురూ తేవడం నేదేటి?" అని అడిగింది. వెక్కిరింపు కాదు. నిజంగానే అడిగింది.

తరువాతి సంగతులు ఇప్పుడే చెప్పేస్తాను, చివరికి వేరేది దాచుకున్నాను గనుక. ఊళ్ళోకి ఆటోలు వచ్చాయి. స్టాండులో రిక్షాలు ఒక్కొక్కటే తగ్గిపోయాయి. హైమవతి ఉద్యోగ విరమణ చేసి, కాకినాడలో తన పాత శిష్యురాలి ఇంటి దగ్గరికి వెళ్ళిపోయింది. అసిరయ్య కొన్నేళ్ళు చదును దారుల్లోనే బతికి, ఒక ఎండాకాలం తన మంచం మీద, తవిటమ్మ చేతిలో చెయ్యి పెట్టుకుని వెళ్ళిపోయాడు. నన్ను ఆమె గోనెపట్టా కప్పి చాలాకాలం ఉంచుకుంది. ఇల్లు కూలగొట్టినప్పుడు హోటలువాళ్ళు వచ్చి తీసుకెళ్ళారు. నెమలి మీద పసుపు పూసింది వాళ్ళే. అది లోపల ఉందని నాకు తెలుసు.

నేను దాచుకున్నది ఆ చదును దారిలో మొదటి చలికాలం నాటిది.

మంచు ఇంకా విడవలేదు. అసిరయ్య ఆ ఉదయం కొట్టు దగ్గర నా మూడు చక్రాలకూ గాలి కొట్టించి, బొటనవేలితో ఒక్కొక్కదాన్నీ నొక్కి చూసుకుని వచ్చాడు. హైమవతి ఎక్కింది. కొంతదూరం తొక్కాడు. దారి బల్లలా చదునుగా ఉంది. వేపచెట్ల వరస దాటాక, ఉన్నట్టుండి దిగాడు. కుడిచేత్తో హ్యాండిలు, ఎడమచేత్తో సీటు పక్క కడ్డీ పట్టుకుని నడవడం మొదలుపెట్టాడు.

"ఏమైంది?" అందామె.

"ఎనక సక్రంలో గాలి తగ్గిపోనాది తల్లీ. తొక్కితే ట్యూబు నలిగిపోద్ది. నడిపించుకెల్తాను."

ఆమె పక్కకు వంగి చక్రం చూసింది. గుండ్రంగా, గట్టిగా, నేల మీద నిలబడి ఉంది. తరువాత అతని రొమ్ము వైపు చూసింది. చెవి ఒగ్గింది కూడా. ఈల లేదు, గురక లేదు. ఊపిరి తిన్నగా, నిదానంగా వచ్చిపోతోంది. మంచులో ఆ ఊపిరి కనిపిస్తోంది కూడా.

"ఇది చదునే కదా, అసిరయ్యా."

"సదునే తల్లీ."

అతను రోడ్డునే చూస్తున్నాడు. చెవి మాత్రం ఇటు ఉంది. కొన్ని అడుగులు అలా నడిచాయి. నా చక్రాల కింద తడి ఇసుక మెల్లగా కరకరలాడింది. వెనక నుంచి బడిపిల్లలు గలగలా దాటి ముందుకు పోయారు.

హైమవతి చేతిలో ఉన్న పాఠం పుస్తకాన్ని మూసి సంచిలో పెట్టింది. గొంతు సవరించుకుంది.

"ఇవాళ్టి మాట చాలా దూరం నుంచి వచ్చింది" అంది. "మెల్లగా నడు."